కంప్యూటరు బూట్ వరుస – దానిని మార్చు విధము

కంప్యూటరు స్విచ్చి నొక్కినది మొదలు తెరమీద బొమ్మ కనబడువఱకు గడచు కొద్ది క్షణములలో దాని లోపల నేమి జరుగునో యడుగువారు మన విద్యార్థులలో తక్కువ. విద్యుత్తు లేనప్పుడు కంప్యూటరుయొక్క పనిజ్ఞాపకము, అనగా ర్యాము, శూన్యముగా నుండును. నిన్న మనము వ్రాసిన లెక్కలు గాని, విండోసు గాని, లినక్సు గాని అందులో నొక్క యక్షరమైనను నిలిచియుండదు. అవి యన్నియు హార్డుడిస్కులో నిద్రించుచుండును. వానిని అక్కడనుండి చదివి తెచ్చుట కొక ప్రోగ్రాము కావలెను. ఆ ప్రోగ్రామో, అదియు హార్డుడిస్కులోనే యున్నది. బావిలో పడిన చేదను తీయుటకు ఆ చేదతో కూడ పడిన త్రాడే కావలసివచ్చినట్లున్నది గదా! ఈ చిక్కును యంత్రములు చేసినవారు విడదీసిన విధమును, ఆ విధములో మనము చేయి పెట్టదగిన యొక చిన్న చోటును ఈ పాఠమునందు చెప్పదలచితిమి. ఆ చోటునకు బూట్ ఆర్డరని పేరు. మనము బూట్ వరుస యందము.

ఇప్పుడే యిది చెప్పుటకు కారణము కలదు. 2015 జూలైలో వెలువడిన విండోస్ 10కు మైక్రోసాఫ్టు కంపెనీవారు 2025 అక్టోబరు 14వ తేదీతో ఉచితముగా నిచ్చుచుండిన సాధారణ సహాయమును ముగించిరి. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 టి.పి.ఎం. 2.0 అను రక్షణ సాధనమును, కొంత క్రొత్తదగు ప్రాసెసరును కోరును. మా పాఠశాల కంప్యూటరు గదిలోని పండ్రెండు యంత్రములలో తొమ్మిదింటి కా యోగ్యత లేదు. ఇట్టి యంత్రములు బందరులోను, గుడివాడలోను, అవనిగడ్డలోను ఎన్ని పాఠశాలల బల్లలమీద, ఎన్ని యిండ్లలో నున్నవో! ఇవి యిక పాతసామానుల వానికి వేయవలసినవే యని తల్లిదండ్రులలో కొందఱు మాతో ననిరి. క్రొత్తవి కొనుటకు చందాలు పోగుచేయుదుమని మఱికొందఱు ముందునకు వచ్చిరి. వారి యౌదార్యమునకు వందనములు. కాని యా తొమ్మిదింటిలో చెడినది యొక్కటియు లేదు. మీటలు పనిచేయుచున్నవి, తెరలు వెలుగుచున్నవి. వానిలో నింకొక ఆపరేటింగు సిస్టమును స్థాపించితిమేని మఱి కొన్ని యేండ్లు పిల్లలకు చదువు చెప్పును. చెన్నైలోని సి-డాక్ వారు డెబియన్ ఆధారముగా చేసిన బాస్ లినక్సు గలదు. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగునందు లినక్సును సిద్ధపఱచిరి. డెబియన్ స్థాపించునప్పుడు మొదట కనబడు భాషల పట్టికలోనే తెలుగు కలదు. కేరళములో ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్టువేరుతోనే పాఠములు చెప్పుచున్నవి. ఇందులో దేనిని స్థాపింపవలెనన్నను మొదటి మెట్టు బూట్ వరుస.

ఇక విషయమునకు వత్తము. మదరుబోర్డుమీద నొక చిన్న చిప్పు కలదు. విద్యుత్తు పోయినను దానిలోని వ్రాత చెరగదు. స్విచ్చి నొక్కగనే ప్రాసెసరు మొట్టమొదట చదువునది ఆ వ్రాతనే. పాత యంత్రములలో దీనిని బయాస్ అందురు, క్రొత్తవానిలో యు.ఇ.ఎఫ్.ఐ. అందురు. వాడుకలో రెంటిని బయాస్ అనియే పిలుచుచున్నారు. అందులో పెద్ద దోషమేమియు లేదు. ఈ ప్రోగ్రాము ముందుగా ర్యాము, కీబోర్డు, తెర మొదలగు నవయవములు సరిగా నున్నవో లేవో పరీక్షించును. పాత యంత్రములలో నొక్కసారి కూత వినబడుట యీ పరీక్ష ముగిసినదనుటకు గుర్తు. అటుపిమ్మట ఆపరేటింగు సిస్టము దొరకు చోటును వెదకి, దానిని మేల్కొలిపి, అధికారము దాని కప్పగించును. తన కాలి బూటు వెనుక నుండు పట్టీని తానే పట్టుకొని తన్ను తాను పైకి లేపుకొనెనని యాంగ్లేయులలో నొక పరిహాసపు మాట కలదు. యంత్రము తన్ను తానే లేపుకొనుట కాబట్టి దాని కా మాటనుండియే బూట్ అను పేరు వచ్చినది. కాలిజోళ్లతో నింతకు మించిన సంబంధము లేదు.

వెదకునప్పుడు ఎక్కడ వెదకవలెను? యంత్రములో హార్డుడిస్కు కలదు, వెనుక పెన్‌డ్రైవు పెట్టియుండవచ్చును, డి.వి.డి. పెట్టె యుండవచ్చును, వలతీగ, అనగా నెట్‌వర్కు కేబులు, తగిలించియుండవచ్చును. వీనిలో ముందు దేనిని, తరువాత దేనిని చూడవలెనో తెలుపు పట్టికయే బూట్ వరుస. మన శివారు గ్రామముల రైతుబిడ్డలకు వంతు అను మాట క్రొత్త కాదు. కాలువనీరు చాలనప్పుడు ముందెవరికి, పిదప ఎవరికి అను వంతులు ఏర్పఱతురు. బూట్ వరుసయు నట్టి వంతుల పట్టికయే. అయితే యొక భేదమును మఱువరాదు. కాలువ వంతులో నీరు వరుసగా నందఱికిని వచ్చును, రావలెను. ఇక్కడ నట్లు కాదు. యోగ్యమైన సిస్టము మొదటి చోటనే దొరకినయెడల యంత్రము దానికే సర్వాధికారము నిచ్చి తక్కినవానిని చూడనైన చూడదు. హెడ్‌మాస్టరుగారు వచ్చిన దినమున ఫస్టు అసిస్టెంటుగారు అసెంబ్లీ నడపుట యుండదు. వారు రాని దినముననే వీరి వంతు.

కావున పెన్‌డ్రైవునుండి లినక్సును తెఱవదలచిన పిల్లవాడు పెన్‌డ్రైవును పెట్టి, స్విచ్చి వేసి, ఎప్పటివలెనే విండోసు వచ్చుట చూచి, పెన్‌డ్రైవు చెడ్డదని నిందించును. పెన్‌డ్రైవు చెడలేదు. హార్డుడిస్కు ముందు వంతులో నున్నది, అది పలికినది, అంతటితో వెదకుట ముగిసినది.

ఈ వరుసకు చిత్రమైన చరిత్ర కలదు. 1981 ఆగస్టులో ఐ.బి.యం. కంపెనీవారు తమ మొదటి పి.సి.ని వెలువరించినప్పుడు దానిలో హార్డుడిస్కే లేదు. అది ఫ్లాపీని చూచెడిది; ఫ్లాపీ లేనియెడల తన చిప్పులోనే యిమిడ్చిన బేసిక్ భాషను తెఱచెడిది. 1983లో వచ్చిన ఎక్స్.టి. యంత్రమునకు హార్డుడిస్కు కలిగెను. అయినను ముందు ఫ్లాపీ, తరువాత హార్డుడిస్కు అను వరుసయే నిలిచెను. ఎవరును దానిలో తప్పు చూడలేదు. 1986లో లాహోరు నగరములోని యిరువురు సోదరులు వ్రాసిన బ్రెయిన్ అను వైరసు బయలుదేరినది. అది ఫ్లాపీయొక్క మొట్టమొదటి ఖండమునందు, అనగా యంత్రము ముందుగా చదువు చోటునందు, దాగియుండెడిది. దాని వెనుక నట్టి వైరసులు మఱి యెన్నో వచ్చెను. సాయంకాలము ఫ్లాపీని తీయుట మఱచి పోయినవారు మఱునాడు స్విచ్చి వేయగానే యంత్రము ముందు దానినే చదివెడిది. వైరసు లోపలికి వచ్చెడిది. ఆ ఫ్లాపీలో ఆపరేటింగు సిస్టము లేకపోయినను సరే! అందుచేత తెలిసినవారు సెటప్ లోనికి పోయి హార్డుడిస్కును మొదటి వంతునకు మార్చుకొనసాగిరి. బూట్ వరుసను మార్చుట సౌకర్యము కొఱకే గాక రక్షణ కొఱకును ఆచారమైనది.

సి.డి.నుండి బూటు చేయు పద్ధతి 1995లో నేర్పడెను. దానికి ఎల్ టొరీటో యని పేరు. అది కాలిఫోర్నియాలోని యొక భోజనశాల పేరట! పెన్‌డ్రైవులు 2000 తరువాత వచ్చి కొద్ది యేండ్లలో ఫ్లాపీని, మెల్లగా సి.డి.ని త్రోసివేసినవి.

ఇక చేయవలసిన విధము. మొదట పెన్‌డ్రైవును సిద్ధపఱచుకొనవలెను. లినక్సు ఐ.ఎస్.ఓ. అను నొకే పెద్ద ఫైలుగా దొరకును. దానిని పాటల ఫైలువలె పెన్‌డ్రైవులోనికి కాపీ చేసినంతమాత్రమున అది బూటు కాదు. రూఫస్, బలేనా ఎచర్, వెంటాయ్ అనువానిలో నేదైన నొక పనిముట్టుతో వ్రాయవలెను. అట్లు వ్రాయునప్పుడు పెన్‌డ్రైవులో నంతకుముందున్న దంతయు పోవును. ఫోటోలున్న పెన్‌డ్రైవును తెచ్చు పిల్లలను మేము ముందుగనే వెనుకకు పంపుదుము. ఎనిమిది జి.బి. గలది సాధారణముగా సరిపోవును.

పిమ్మట సెటప్ లోనికి పోవలెను. ఇక్కడనే పిల్లలకు విసుగు పుట్టును. స్విచ్చి వేసి, కంపెనీ ముద్ర తెరమీద నిలుచు రెండు మూడు క్షణములలోనే తగిన మీటను మెల్లగా పదేపదే తట్టవలెను. ఒక్కసారి నొక్కి పట్టుకొనుట కంటె తట్టుటయే మేలు. ఆ మీట యేది? డెల్ యంత్రములలో ఎఫ్ 2, హెచ్.పి.లో ఎఫ్ 10. లెనోవో మేజాబల్ల యంత్రములలో బహుశః ఎఫ్ 1. ఏసుస్, గిగాబైట్, ఎం.ఎస్.ఐ. మదరుబోర్డులు గలవానిలో డిలీట్ మీట. దుకాణమువారు విడిభాగములు కూర్చి యిచ్చిన యంత్రమునకు పెట్టెమీది పేరు చూచి మోసపోవలదు. లోపలి మదరుబోర్డు పేరే ప్రమాణము. (ఆ పెట్టెను సి.పి.యు. అని పిలుచుట మన ప్రాంతమున స్థిరపడిపోయినది. నిజమైన సి.పి.యు. దాని లోపలి ఫ్యాను క్రింద దాగిన, అగ్గిపెట్టెకన్న పెద్దది కాని చిప్పు మాత్రమే.) పలు యంత్రములు ఏ మీట నొక్కవలెనో తెర యడుగున చిన్న యక్షరములతో తామే చెప్పును. చదువుటకు తొందర పడకుండిన చాలును.

మీట యెంత తట్టినను విండోసే వచ్చుచున్నయెడల దానికిని కారణము కలదు. విండోస్ 8 మొదలుకొని ఫాస్ట్ స్టార్టప్ అను పద్ధతి వచ్చినది. షట్ డౌన్ అన్నప్పుడు యంత్రము పూర్తిగా నిద్రపోక కునుకు మాత్రము తీయును. అట్టి సమయమున షిఫ్ట్ మీటను పట్టుకొని రీస్టార్ట్ అను మాటను నొక్కవలెను. నీలపు తెర వచ్చును. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్డ్ ఆప్షన్స్, యు.ఇ.ఎఫ్.ఐ. ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అను వానిని వరుసగా నెన్నుకొన్నచో యంత్రము తానే మనలను సెటప్ లోనికి తీసికొనిపోవును. పాత బయాసు యంత్రములలో నీ దారి యుండదు.

సెటప్ తెర చూచి భయపడనక్కఱలేదు. పాతవానిలో నీలపు తెరయు తెల్లని యక్షరములు నుండును, మౌసు పనిచేయదు, బాణపు మీటలే గతి. క్రొత్తవానిలో బొమ్మలుండి మౌసు పనిచేయవచ్చును. పైన మెయిన్, అడ్వాన్స్డ్, సెక్యూరిటీ, బూట్, ఎగ్జిట్ అను శీర్షికలు సామాన్యముగా కనబడును. మనకు కావలసినది బూట్. బహు పాతవగు అవార్డు బయాసులలో అది అడ్వాన్స్డ్ బయాస్ ఫీచర్స్ అను శీర్షిక క్రింద ఫస్ట్ బూట్ డివైస్, సెకండ్ బూట్ డివైస్ అని దాగియుండును. అక్కడ నున్న పట్టికయే వంతుల పట్టిక. పెన్‌డ్రైవు పేరుమీద నిలిచి ప్లస్ మీటతో పైకి, మైనస్ మీటతో క్రిందికి జరుపుట యొక పద్ధతి. ఎంటర్ నొక్కి పేరు నెన్నుకొనుట యింకొకటి. కుడిప్రక్కను గాని యడుగున గాని ఆ యంత్రపు పద్ధతి వ్రాసియుండును. పెన్‌డ్రైవు మొదటి స్థానమునకు వచ్చిన పిమ్మట ఎఫ్ 10 నొక్కి, భద్రపఱచుదువా యని యడిగినప్పుడు అవును అనవలెను. అంతవఱకు మనము చేసిన దేదియు నిలువదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. మార్చుచుండగా కరెంటు పోయినను, ఏమి మార్చితిమో తోచక కలవరపడినను, భద్రపఱచకుండ నెస్కేప్ మీటతో బయటికి వచ్చినచో పాత వరుస చెక్కు చెదరదు.

పట్టికలో విద్యార్థులను తికమక పెట్టునవి రెండు కలవు. క్రొత్త యంత్రములలో హార్డుడిస్కు పేరునకు బదులు విండోస్ బూట్ మేనేజర్ అని యుండును. ఏలయన పాత బయాసు డిస్కులను వరుసపఱచెను; యు.ఇ.ఎఫ్.ఐ. డిస్కులోని బూట్ ఫైళ్లను వరుసపఱచును. పాత బయాసు చేయు పరీక్ష బహు స్థూలమైనది. డిస్కులోని మొదటి 512 బైట్లు చదువును. చివరి రెండు బైట్లు నియమితమైన గుర్తుగా నున్నవో లేవో చూచును. ఉన్నచో అధికారము నప్పగించును. రెండవది, ఒకే పెన్‌డ్రైవు రెండుసార్లు కనబడుట. ఒకచోట దాని పేరునకు ముందు యు.ఇ.ఎఫ్.ఐ. అని యుండును, ఒకచోట నుండదు. విండోసు యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో స్థాపింపబడిన యంత్రమైనచో ఆ మాట గలదానినే పట్టుకొనవలెను. లేనియెడల క్రొత్త సిస్టము ఒక పద్ధతిలోను పాతది యింకొక పద్ధతిలోను ఉండి, రెంటిని ఒకే పట్టికనుండి తెఱచుట కష్టమగును.

పెన్‌డ్రైవు పట్టికలో కనబడనే కనబడకపోయిన ననేక కారణము లుండవచ్చును. మన వైపున ముందుగా చూడవలసినది తుప్పు. మంగినపూడి సముద్రపుగాలి సైకిలు గొలుసునే విడువదు. పెట్టెకు ముందువైపున నున్న యు.ఎస్.బి. రంధ్రములలోని రేకులను విడుచునా? వెనుకవైపు రంధ్రములు నేరుగా మదరుబోర్డుకే చేరియున్నవి. అక్కడ పెట్టి చూడవలెను. పెన్‌డ్రైవు పెట్టిన తరువాత యంత్రమును తిరిగి ప్రారంభించినగాని కొన్ని సెటప్ లు దానిని గుర్తింపవు. సెక్యూర్ బూట్ అను కాపలాయు నడ్డు పడవచ్చును. గుర్తింపుపొందిన సంతకము లేని ప్రోగ్రామును అది లోపలికి రానీయదు. ఉబుంటునకును, 2019లో వచ్చిన డెబియన్ 10 మొదలు డెబియనునకును అట్టి సంతకము కలదు గనుక వానికొఱకు కాపలాను తీసివేయ నక్కఱలేదు. సంతకము లేనివానికి తీయకతప్పదు.

ఇంత శ్రమ లేకుండనే పని జరుగు నుపాయ మొకటి కలదు. ఒక్కసారికి మాత్రమే పెన్‌డ్రైవునుండి లేవవలెనన్నచో వరుసను మార్చనే యక్కఱలేదు. డెల్, లెనోవో, గిగాబైట్ యంత్రములలో ఎఫ్ 12, హెచ్.పి.లో ఎఫ్ 9, ఏసుస్ మదరుబోర్డులలో ఎఫ్ 8, ఎం.ఎస్.ఐ.లో ఎఫ్ 11 తట్టినచో బూట్ మెను అను చిన్న పట్టిక వచ్చును. అందు పెన్‌డ్రైవు నెన్నుకొనిన అది ఆ పూటకే చెల్లును; మఱునాడు పాత వరుసయే. మా యభిప్రాయములో పిల్ల లిదియే వాడవలెను. శాశ్వతముగా పెన్‌డ్రైవును మొదట నిలిపినవారు తరువాత పడు బాధ మేము చూచియున్నాము. ఒక బాలుని యింట కంప్యూటరు నల్లని తెరమీద నొక యాంగ్లవాక్యము చూపి నిలిచిపోయెను. వెనుక రంధ్రములో పాటల పెన్‌డ్రైవు మఱచిపోబడి యున్నది. దానిలో సిస్టము లేదు గాని పైన చెప్పిన రెండు బైట్ల గుర్తు మాత్రము కలదు. బయాసు దాని కధికారము నిచ్చినది. అది చేయునది తెలియక నిలిచినది. పెన్‌డ్రైవు తీయగనే యంత్రము లేచెను. బాగుచేయు వానికి వారు డబ్బిచ్చిన తరువాత గదా యిది తెలిసినది!

ఈ విద్యవలన గలుగు లాభమునకు ఒక్క దృష్టాంతము చాలును. గత సంవత్సరము మా పదవ తరగతి బాలిక యొకతె యింటి కంప్యూటరులో విండోసు లేవక పోయినది. వారి తండ్రిగారికి రొయ్యల చెఱువులున్నవి. మూడు పంటల మేతలెక్కలు, పిల్ల కొనుగోలు లెక్కలు, బ్యాంకువారికి చూపవలసిన కాగితములు అన్నియు దానిలోనే యున్నవి. ఒక దుకాణమువారు డిస్కును ఫార్మాటు చేయకతప్పదు, లెక్కల మీద ఆశ వదలుకొనుడు అనిరి. ఆ బాలిక మా గదిలోని పెన్‌డ్రైవును అడిగి తీసికొనిపోయి, బూట్ మెనునుండి దానిని తెఱచి, ట్రై అను నెన్నికతో లినక్సును స్థాపింపకుండనే నడిపించెను. అట్లు నడిపినప్పుడు లినక్సు ర్యాములోనే యుండును. మనము చెప్పనిదే హార్డుడిస్కుమీద వ్రాయదు. డిస్కు చెడలేదు, విండోసు మాత్రమే చెడినది. లెక్కల ఫైళ్లన్నిటిని ఇంకొక పెన్‌డ్రైవులోనికి కాపీ చేసికొని, ఆ తరువాతనే దుకాణమునకు పంపిరి. "అమ్మాయి కంప్యూటరు క్లాసని పోవుచుండిన ఆటలాడుటకనుకొంటిని, మాస్టారూ" అని ఆ తండ్రిగారు మాతో ననిరి.

ఇక భయపడవలసిన చోట్లు. ట్రై అను నెన్నికకును ఇన్‌స్టాల్ అనుదానికిని గల భేదము మాటలో స్వల్పము, ఫలములో నపారము. ఇన్‌స్టాల్ లో ఎరేజ్ డిస్క్ అను నెన్నికను ధ్రువపఱచినచో డిస్కులో నున్నదంతయు పోవును. తిరిగి వచ్చునన్న నమ్మకము లేదు. ఇంట పెద్దలయొద్ద సెలవు పొంది, కావలసిన ఫైళ్లకు ప్రతి తీసికొనినగాని ఆ గడప త్రొక్కరాదు.

బిట్‌లాకర్ మఱియొకటి. కొన్ని క్రొత్త యంత్రములలో విండోసు డిస్కు నంతటిని రహస్యలిపిలోనికి మార్చియుంచును. సెక్యూర్ బూట్ ను గాని బూట్ వరుసను గాని మార్చినచో ఎవరో దొంగ చేయి పెట్టినట్లు తలచి 48 అంకెల రికవరీ కీ నడుగవచ్చును. అది లేనిదే తలుపు తెఱువదు. దుకాణములో నెవరో తెఱచిన మైక్రోసాఫ్టు ఖాతాలో ఆ కీ యుండి, ఆ ఖాతా పేరే తెలియని కుటుంబము లున్నవి. కావున సెటప్ లోనికి పోకముందే విండోసులో బిట్‌లాకర్ స్థితిని చూచి, కీని కాగితముమీద వ్రాసికొని, దానిని తాత్కాలికముగా నిలిపి, పిమ్మట పని మొదలుపెట్టవలెను. సెటప్ లో పాస్‌వర్డు పెట్టు స్థలము కూడ కలదు. వేడుకకు పెట్టి మఱచిపోయినవానికి కంపెనీవారి గుమ్మమే శరణ్యము కావచ్చును. సాటా మోడ్ అనుదానిని ముట్టరాదు. అది మార్చిన విండోసు లేవకపోవచ్చును. బయాసు చిప్పులోని వ్రాతనే క్రొత్తదానితో మార్చుట మన పాఠములోనిది కాదు. ఆ వ్రాత చెడిన నేమగునో 1999 ఏప్రిల్ 26వ తేదీన సి.ఐ.హెచ్. అను వైరసు లోకమునకు చూపెను. అది ఆ చిప్పు వ్రాతను చెరిపిన యంత్రములు స్విచ్చి వేసినను లేవలేదు. తుపాను దినములలో కరెంటు వచ్చుచు పోవుచుండగా అట్టి పనికి పూనుకొనువారిని ఆపుట మన విధి.

మార్చిన వరుస దానంతట నదే తిరిగి పాతదగుచున్నదని కొందఱు చెప్పుదురు. అప్పుడు గడియారము చూడవలెను. తేదీ యెన్నడో గడచిన సంవత్సరమునకు పోయియున్నచో మదరుబోర్డుమీది బిళ్ల బ్యాటరీ యైపోయినది. 1984లో వచ్చిన ఐ.బి.యం. ఏ.టి. యంత్రము మొదలు, కరెంటు లేనప్పుడు గడియారమును సెటప్ వ్రాతను కాపాడుట కొక బ్యాటరీ నుంచుచున్నారు. నేడు ఎక్కువగా నుండునది సి.ఆర్. 2032. ఆ యంకెలలోనే దాని కొలత యున్నది: 20 మిల్లీమీటర్ల వ్యాసము, 3.2 మిల్లీమీటర్ల మందము. గడియారముల దుకాణములలో దొరకును, మూడు వోల్టులది. పాత బయాసులలో బ్యాటరీ పోయిన బూట్ వరుసయు పోవును, యు.ఇ.ఎఫ్.ఐ. యంత్రములలో వరుస సాధారణముగా చెరగని చిప్పులో నుండుటచేత నిలువవచ్చును గాని తేదీ నిలువదు. తేదీ తప్పినయెడల ఇంటర్నెట్టులోని భద్రమైన పుటలు కూడ తెఱువక మొండికెత్తును. పరీక్షల ఫలితములు చూడ వచ్చిన దినముననే యిది తెలిసివచ్చుట మా యనుభవము. బ్యాటరీ మార్చునప్పుడు కరెంటు తీగను పూర్తిగా తీసివేసి, స్విచ్చి నొకమారు నొక్కి, పెట్టె లోపలి యినుమును చేతితో తాకి, ప్లస్ గుర్తు పైకి వచ్చునట్లు పెట్టవలెను. దాని క్రింది రేకుమీద నుప్పుగాలి పచ్చని పొర కట్టియున్నచో పొడిగుడ్డతో తుడువవలెను.

లినక్సు స్థాపన ముగిసిన పిమ్మట యంత్రము పెన్‌డ్రైవును తీయుమని చెప్పును. తీయవలెను. సెటప్ లోని వరుసను మార్చియున్నచో హార్డుడిస్కును తిరిగి మొదటికి తేవలెను. విండోసును లినక్సును రెంటిని ఉంచుకొన్నవారి పట్టికలో నిప్పుడు ఉబుంటు అనియో డెబియన్ అనియో యొక క్రొత్త పేరు కనబడును. దానినే ముందుంచినచో ప్రతిదినము ఏది కావలెనని యంత్రమే యడుగును.

ఈ పాఠము చదివిన విద్యార్థులు మొదట చేయవలసిన యభ్యాసము స్థాపన కాదు. సెటప్ లోనికి పోయి, బూట్ శీర్షికను తెఱచి, ఉన్న వరుసను నోటుపుస్తకములో నెత్తి వ్రాసి, ఏమియు మార్చక, భద్రపఱచక, బయటికి రావలెను. శనివారము మధ్యాహ్నము గది తెఱచియుండును. ప్రతి యంత్రపు ప్రక్కను దాని సెటప్ మీటయు, బూట్ మెను మీటయు, బ్యాటరీ మార్చిన తేదీయు వ్రాసి యంటించియున్నాము. నాలుగవ యంత్రమునకు మాత్రము ఎఫ్ 12 పనిచేయదు; దానికి ఎఫ్ 11, మఱియు పెన్‌డ్రైవును వెనుకనే పెట్టవలెను.